ఉంగరాల జుట్టు, ఒక చాకలమ్మ కథ

ఖతర్ ఉత్తర కొసన, సముద్రం పక్కనే ఉన్న అల్ రువైస్‌లో మా కాపురం. వేసవిలో గాలిలో తేమ పెరిగిందంటే మా అమ్మాయి ఉంగరాల జుట్టు పొంగిపోతుంది. స్ట్రెయిటనింగ్ చేయించమని ఒకటే గోల. ఓ శుక్రవారం తలకు నూనె పెడుతూ మేడమ్ సి.జె. వాకర్ కథ చెప్పాను.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో అమెరికాలోని లూసియానాలో, బానిసత్వం నుంచి బయటపడిన దంపతులకు పుట్టింది. ఏడేళ్లకే తల్లిదండ్రులు పోయారు. పద్నాలుగేళ్లకు పెళ్లి. ఇరవై ఏళ్లకే భర్త పోయాడు, చంటిబిడ్డ మిగిలింది. సెయింట్ లూయిస్‌లో ఏళ్ల తరబడి బట్టలుతికి బిడ్డను పెంచింది. ఇంట్లో కుళాయి లేని పేదలకు తలస్నానమే అరుదు. మాడు పాడై ఆమె జుట్టు రాలిపోయింది.

కొన్నాళ్లు అనీ మలోన్ అనే నల్లజాతి వ్యాపారి సరుకు అమ్మింది. 1906లో డెన్వర్‌లో గంధకం కలిపిన సొంత లేపనంతో వ్యాపారం మొదలుపెట్టింది. తరచూ తలంటుకోవాలని, మాడు శుభ్రంగా ఉండాలని ఇల్లిల్లూ తిరిగి నేర్పింది. 1910లో ఇండియానాపొలిస్ చేరి ఫ్యాక్టరీ పెట్టింది. వేలమంది నల్లజాతి మహిళలకు సొంత సంపాదన చూపించింది. వేడి దువ్వెన ఆమే కనిపెట్టిందంటారు కానీ అది నిజం కాదు. 1919లో 51 ఏళ్లకే కన్నుమూసింది. అదే ఏడాది మూకహత్యలపై పోరాటానికి 5,000 డాలర్లు ఇచ్చింది.

కథ అయ్యాక మేమూ పద్ధతి మార్చాం. జుట్టు తడిగా ఉన్నప్పుడే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తున్నాం. తువ్వాలుతో రుద్దడం మానేసి, పాత టీషర్టుతో అద్దుతున్నాం. చివర్లకు రెండు చుక్కల కొబ్బరినూనె. పొంగు పూర్తిగా తగ్గలేదు. స్ట్రెయిటనింగ్ మాట మాత్రం ఈ నెల రాలేదు.