కాకినాడ గుల్లకు సైన్స్ పేరు.. పెట్టింది స్వీడన్ డాక్టర్!

కాకినాడ తీరంలో దొరికే ఎర్ర రక్తపు గుల్లకు సైన్స్ పేరు పెట్టిందెవరో తెలుసా? స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్. 1707లో పల్లెటూరి పాస్టర్ ఇంట పుట్టారు. డాక్టరైనా మొక్కలు, జంతువులే ఆయన లోకం. ఊరికో పేరుతో గందరగోళం లేకుండా ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టారు. చిప్ప మీద గింజల్లాంటి బొడిపెలున్న ఈ గుల్లకు 1758లో ఆర్కా గ్రానోసా అని పేరిచ్చారు.

అయితే ఆయన ఎక్కువగా చిప్పల ఆకారం చూసే వర్గాలు కట్టారు. తర్వాతి శాస్త్రవేత్తలు లోపలి జీవినీ పరిశీలించి వాటిని మార్చేశారు. ఇంటిపేరు ఇప్పుడు టెజిల్లార్కా.. గ్రానోసా మాత్రం చెక్కుచెదరలేదు.

1778లో లిన్నేయస్ కన్నుమూశారు. 1783లో కొడుకూ పోవడంతో కుటుంబం ఆయన కలెక్షన్‌ను ఇంగ్లండ్‌కు అమ్మేసింది. ఆ చిప్పలు నేటికీ లండన్‌లోనే భద్రం. ఆయన పెట్టిన పేరుపై అనుమానం వస్తే శాస్త్రవేత్తలు వాటినే చూస్తారు.