మూడవ సాలార్‌జంగు

హైదరాబాదున మూసీనది దక్షిణపుటొడ్డున సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాల యున్నది. అందలి వస్తువులలో పెక్కింటిని కూర్చినవాడు మూడవ సాలార్‌జంగని ప్రసిద్ధుడైన నవాబు మీర్ యూసఫ్ అలీఖాన్. ఆయన 1889వ సంవత్సరమున జన్మించెను. ఆ యేడే తండ్రి గతించెను. తాతయు తండ్రియు నిజాముకు దివానులు. 1912లో ఆయనయు దివానయ్యెను గాని, రెండేండ్లకే పదవి వీడి శేషజీవితమును కళావస్తువుల సేకరణకు ధారవోసెను.

చిత్తరువులు, శిల్పములు, పింగాణి, దంతపు పనితనము, వ్రాతప్రతులు - ఆయన కోరనిది లేదు. వర్తకులు దేశదేశములనుండి దివాన్ దేవిడీకి సరకులు తెచ్చుచుండిరి. విదేశయాత్రలలో తానును కొనుచుండెను. ఇంతగా కొన్నచోట మేలివానితోబాటు సామాన్యమైనవియు చేరకపోలేదు. మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను కొన్నదియు ఆయనయే యని పలువురందురు. అది సరికాదు. బెంజోని చెక్కిన ఆ శిల్పమును 1876లో రోమునగరమున కొన్నవాడు తాతయగు మొదటి సాలార్‌జంగు.

నవాబు వివాహమాడలేదు. 1949 మార్చి 2న ఆయన మరణింపగా బంధువులు పెక్కురు వారసులమని వచ్చిరి. విద్యార్థులారా! వారప్పుడే పంచుకొనియుండినచో ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క యింటికో, అంగడికో పోయెడిదే. ప్రభుత్వము నియమించిన సంఘము ఆస్తిని కాపాడెను. మదనపల్లెలో విద్య గఱపిన జేమ్స్ కజిన్స్ వస్తువులను వరుసపఱచెను. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. పిదప వారసులు న్యాయస్థానమున రాజీపడి వస్తువులను ప్రభుత్వమునకు విడిచిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయయ్యెను. 1968లో ఇప్పటి భవనమునకు మారెను.

ఒకనాడు నవాబు అతిథులకే కానవచ్చిన ఆ సంపద నడుమ, నేడు గడియారపు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టుట చూడ, గంట గంటకును బిడ్డలు గుమిగూడుచున్నారు.