ఘంటసాల గానము చేసిన గీత

ఆంధ్రమహావిష్ణువు కొలువున్న శ్రీకాకుళమునకు దాపుననే ఘంటసాల గ్రామము కలదు. ప్రాచీనమైన ఆ బౌద్ధక్షేత్రపు పేరే ఇంటిపేరైన వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమునందలి చౌటపల్లిలో జన్మించినారు. తండ్రి సూర్యనారాయణగారు తరంగములు పాడుచుండగా ఆయన భుజముపై చిందులు వేసిన ఈ బాలుడు పసితనముననే పితృహీనుడైనాడు. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనన్న తండ్రి కోరిక మాత్రము మిగిలినది.

ఆ కోరికయే ఆయనను విజయనగరము చేర్చినది. మధుకరమెత్తి కడుపు నింపుకొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద విద్య నేర్చినారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున చెరసాలకు వెళ్లినారు. పిదప మద్రాసు, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, 1970లో పద్మశ్రీ: ఇవి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

చెప్పవలసినది గీతను గూర్చి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాతరికార్డు ఒకవైపున పట్టునది మూడు, నాలుగు నిమిషముల గానమే. ‘పుష్పవిలాపము’ ఆ కొలతకు లొంగినది, గీత లొంగదు. నెమ్మదిగా తిరుగు లాంగ్‌ప్లే రికార్డు వచ్చిన తరువాతనే ఆ విస్తృతికి చోటు దొరకినది. అప్పటికి గాయకుని ఆరోగ్యము చెడినది. ఏడువందల శ్లోకములనుండి నూటికి పైగా ఏరి, పాడి, తెలుగు తాత్పర్యమును గూడ తన కంఠముతోనే చెప్పినారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసినారు. రికార్డు ఆ తరువాతనే వెలువడినది.

అది క్యాసెట్టైనది, సీడీ ఐనది. ఐనను నేడు పెక్కుమంది దానిని వినునది చావింటి ముంగిట, బొంగురుపోయిన మైకులో. చెవిని బడినంతనే ఎవరు పోయినారని అడుగుట అలవాటైనది. యుద్ధమునకు వెనుదీసిన వానిని లేపి నిలబెట్టుటకు చెప్పిన మాటలకు ఇది న్యాయము కాదు.

పాతటేపును శుభ్రపరచి మరల వెలువరించుట తాళపత్రమును పరిష్కరించుట వంటిది. పురుగు తిన్నచోటు సరిచేయవచ్చును. కవి పాఠమును దిద్దరాదు. టేపులోని బుసను మితిమీరి తుడిచినచో అక్షరముల చివరనున్న ఊపిరియు దానితో పోవును. జాగ్రత్తగా చేసిన ప్రతిని నిశ్శబ్దమైన గదిలో వినిన విద్యార్థికి శ్లోకము ముగిసి తాత్పర్యము మొదలగు నడుమ గొంతు మారుట తెలియును: గాయకుడు తప్పుకొని, పాఠము చెప్పు పంతులుగారు వచ్చి కూర్చుందురు.