కరువు వేళ కట్టిన గుడి

తెలుగు నేలపై డిసెంబరు మాసం రెండు భక్తిధారలు ప్రక్కప్రక్కన ప్రవహించే కాలం. సెంటినరీ కాలనీ వంటి సింగరేణి కార్మికుల నివాసాలలో ఒక వాకిట ధనుర్మాసపు ముగ్గు, పొరుగింటిపై క్రిస్మస్ నక్షత్రం కనిపిస్తాయి. క్రిస్మస్ నాడు తెలంగాణలో వేలాదిమంది దర్శించే ప్రసిద్ధ ఆలయం మెదక్ చర్చి. కరువుకాలంలో దానికి పునాది వేసిన మహనీయుడు చార్లెస్ వాకర్ పాస్నెట్.

పాస్నెట్ ఇంగ్లండు దేశస్థుడు. మెథడిస్టు మతబోధకుడు. 1895లో సికింద్రాబాదు చేరి, తొలుత తిరుమలగిరి దండులోని ఆంగ్ల సైనికులకు మతగురువుగా పనిచేశాడు. అయితే పల్లెప్రజల నడుమ జీవించాలన్న కోరిక ఆయనను అక్కడ నిలువనీయలేదు. దాదాపు 60 మైళ్ల దూరంలోని మెదక్‌కు గుర్రంపై వెళ్లి, ఆ ఊరినే తన కార్యక్షేత్రంగా ఎంచుకొన్నాడు. అప్పుడది నిజాం రాజ్యంలోని చిన్న పట్టణం. అక్కడి ప్రార్థనలకు ఉన్నది చిన్న పెంకుటిల్లు వంటి మందిరం మాత్రమే. పెద్ద ఆలయం నిర్మించాలన్న సంకల్పం ఆయన మనసులో క్రమంగా బలపడింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆ రోజులలోనే మెదక్ ప్రాంతాన్ని కరువు కమ్ముకొన్నది. ప్రజలు ఆకలితో అలమటిస్తుండగా వ్యయప్రయాసలతో ఆలయం కట్టడం తగునా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. పాస్నెట్ ఆ రెండింటినీ ఒక్కటిగా ముడివేశాడు. ఊరక దానమిస్తే ఆకలి తీరవచ్చును గాని, పుచ్చుకొన్నవాని ఆత్మాభిమానం దెబ్బతింటుంది. అందుచేత ఆయన నిర్మాణంలో పని కల్పించి, పనికి ప్రతిఫలంగా ఆహారం అందించాడు. రాళ్లెత్తిన కూలీ తన చెమటతో సంపాదించిన తిండినే ఇంటికి తీసుకొనిపోయాడు. పనికి ఆహారం అని నేడు మనం పిలిచే విధానం ఇదే.

నిర్మాణం పదేళ్లు సాగింది. గోతిక్ శైలిలో 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుతో ఆలయం రూపొందింది. దాని గంటగోపురం ఎత్తు 175 అడుగులు. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ పర్వదినాన, అది ప్రారంభమైంది. దాని గాజు కిటికీలపై క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం రంగులలో వెలసి ఉన్నాయి. పగటి వెలుతురు లోనికి ప్రసరించినప్పుడే ఆ చిత్రాలు కనువిందు చేస్తాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన పిమ్మట ఈ ఆలయం మెదక్ అధ్యక్ష మండలానికి కేంద్రమైంది.

2024తో ఆ కట్టడానికి నూరేళ్లు నిండాయి. అన్ని మతాలవారూ దానిని చూడవచ్చి, దాని ఎత్తును, అందాన్ని మెచ్చుకొంటారు. ఆ రాళ్లు మోసినవారిలో ఎందరి పేర్లో చరిత్రకెక్కలేదు. అయినా ఆ చేతులు కరువులో యాచించలేదు, శ్రమించాయి. ఆకలిగొన్నవానికి అన్నంతోపాటు గౌరవాన్ని కూడా అందించడమే నిజమైన భక్తి అని పాస్నెట్ జీవితం చాటుతున్నది.