వంశానుగత వ్యాధుల గుట్టు విప్పిన వైద్యుడు – ఆర్చిబాల్డ్ గారడ్

సర్ ఆర్చిబాల్డ్ ఎడ్వర్డ్ గారడ్ 1857 నవంబరు 25వ తేదీన లండను నగరంలో జన్మించారు. తండ్రి సర్ ఆల్‌ఫ్రెడ్ గారడ్ ప్రఖ్యాత వైద్యులు. గౌట్ అనే కీళ్ళవ్యాధి గలవారి రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉంటుందని నిరూపించినవారు. ఆక్స్‌ఫర్డులోను, లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలలోను విద్యనభ్యసించిన కుమారునికి రసాయన శాస్త్రాభిమానం పితృదత్తమైన ఆస్తి అనవచ్చు.

ఆల్కాప్టొన్యూరియా అనే అరుదైన వ్యాధి గలవారి మూత్రం గాలి తగిలిన కొంతసేపటికి నల్లబడుతుంది. ప్రేగులలోని సూక్ష్మజీవి ఏదో దీనికి కారణమని ఆనాటి పండితుల విశ్వాసం. గారడ్ ఆ మాటను పరీక్షకు పెట్టారు. ఈ వ్యాధి గల పిల్లలున్న ఒక ఇంట మరొక కాన్పు రానుండగా, పుట్టబోయే శిశువును తొలి గంటల నుండే కనిపెట్టి చూసే ఏర్పాటు చేశారు. 1901 మార్చిలో శిశువు జన్మించింది. 52 గంటలకే పొత్తిగుడ్డలపై నల్లని మరక స్పష్టంగా కనిపించింది. అది మధ్యలో అంటిన జాడ్యం కాదు, పుట్టుకతో వచ్చిన లోపమని గారడ్ గ్రహించారు.

ఇట్టి రోగుల తల్లిదండ్రులలో పలువురు ఆరోగ్యవంతులే అయినా, దగ్గరి రక్తబంధువులన్న సంగతి కూడా ఆయన దృష్టిని ఆకర్షించింది. 1900లో వెలుగులోనికి వచ్చిన మెండెల్ సూత్రాలతో జీవశాస్త్రవేత్త విలియం బేట్సన్ ఈ చిక్కుముడిని విప్పారు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా రెండు దోషకారకాలు చేరినప్పుడే వ్యాధి పైకి వస్తుంది. తల్లిదండ్రులిద్దరిలోను దోషకారకం దాగి ఉంటే, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదం. 1902లో లాన్సెట్ పత్రికలో గారడ్ ప్రకటించిన వ్యాసం, మానవ వ్యాధికి మెండెల్ సూత్రాన్ని అన్వయించిన తొలి రచనగా నిలిచింది.

1908లో ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి సంవత్సరం గ్రంథరూపం దాల్చాయి. ఒక్కొక్క లోపం వెనుక శరీరంలో ఒక ఎంజైము కొరత ఉన్నదని ఆయన సిద్ధాంతం. సమకాలికులలో ఎక్కువమంది దాని విలువను గుర్తించలేదు. ఇంతలో ప్రథమ ప్రపంచ యుద్ధ కాలం ఆయన ముగ్గురు కుమారులను బలిగొన్నది. పుత్రశోకాన్ని దిగమ్రింగి 1920లో ఆక్స్‌ఫర్డు వైద్యాచార్య పీఠాన్ని అధిష్ఠించి, 1927 వరకు సేవ చేశారు. 1936 మార్చి 28న కేంబ్రిడ్జిలో దివంగతులయ్యారు.

కాలం ఆయన మాటను నిలిపింది. 1958లో రోగి కాలేయంలో ఆ ఎంజైము పనిచేయడం లేదని రుజువైంది. 1996లో దానికి మూలమైన జన్యువు దొరికింది. 2020లో యూరపులో ఈ వ్యాధికి ఔషధం ఆమోదం పొందింది. నేడు శిశువు మడమ నుండి తీసిన రక్తపు బొట్టుతోనే పెక్కు జన్మతః లోపాలను పసిగట్టి, బిడ్డకు హాని కలుగకముందే చికిత్స ఆరంభించగలుగుతున్నారు.

మేనరికాలు, దగ్గరి సంబంధాలు వాడుకలో ఉన్న మన సమాజంలో ఈ విజ్ఞానం కేవలం పరీక్షల కోసం చదివే పాఠం కాదు. కుటుంబ ఆరోగ్య చరిత్రను దాచక వైద్యునికి తెలపడం, బిడ్డ లోపానికి తల్లినొక్కతెనే నిందించకపోవడం విద్యావంతుల కనీస ధర్మం. గారడ్ జీవితం విద్యార్థులకు అందించే సందేశం ఇదే.