ఆర్థర్ కానన్ డాయిల్

అపరాధ పరిశోధన కథలకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చిన రచయితలలో ఆర్థర్ కానన్ డాయిల్ ఒకరు. ఆయన 1859లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించారు. అక్కడే వైద్యవిద్య అభ్యసించారు. ఆయన గురువు జోసెఫ్ బెల్ రోగి నడకను, చేతులను పరిశీలించి అతని వృత్తిని చెప్పేవారు. ఆ గురువు స్ఫూర్తితో డాయిల్ షెర్లాక్ హోమ్స్ పాత్రను సృష్టించి, 1887లో పాఠకులకు పరిచయం చేశారు.

ఈ కథల్లో మొదట ఒక నేరం బయటపడుతుంది. కొందరిపై అనుమానం కలుగుతుంది. తప్పుదారి పట్టించే ఆనవాళ్ళు కూడా ఉంటాయి. పరిశోధకుడు అసలైన ఆధారాన్ని గుర్తించి చిక్కుముడి విప్పుతాడు.

డాయిల్ ఈ పద్ధతిని నిజజీవితంలోనూ పాటించారు. ఇంగ్లండులో జార్జ్ ఎడాల్జీ అనే న్యాయవాది ఉండేవాడు. అతని తండ్రి బొంబాయి నుండి వెళ్ళిన పార్సీ వంశీయుడు. రాత్రివేళ పొలంలో గుర్రాన్ని గాయపరిచాడని 1903లో ఎడాల్జీకి ఏడేళ్ళ శిక్ష విధించారు. మూడేళ్ళకు విడుదలైనా నింద తొలగలేదు. అతడు వార్తాపత్రికను కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకొని చదవడం డాయిల్ గమనించారు. అంత చూపు తక్కువైనవాడు చీకట్లో పొలాలు దాటి ఆ పని చేయలేడని 1907లో పత్రికాముఖంగా వాదించారు. ఆ ఏడాదే ప్రభుత్వం అతనికి క్షమాభిక్ష ప్రకటించింది. నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు.

డాయిల్ 1930లో మరణించారు. అనుమానం వేరు, ఆధారం వేరు అని ఆయన కథలతోపాటు ఆయన జీవితం కూడా తెలుపుతుంది.