డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన తెలుగువారిలో ఒక గొప్ప శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. చిన్నప్పుడు కాశీ పోయి అరటిపళ్ళు అమ్ముదామని ఇంట్లోంచి వెళ్ళిపోయారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో వేసారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. తర్వాత మద్రాసులో వైద్యం చదివారు.

ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బు వస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆ బాధ ఆయన మరువలేదు.

ఆయన అమెరికా వెళ్ళి, రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కే గారితో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు.

కాలేయం తింటే ఒక రకం రక్తహీనత తగ్గుతుందని అప్పటికే తెలుసు. అందులో ఏ పదార్థం తగ్గిస్తుందో తెలీదు. కాలేయం రసం తీసి, భాగాలు భాగాలుగా విడదీసి, ఏ భాగం రక్తం పెంచుతుందో ఏళ్ళ తరబడి చూసారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన జట్టు ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది. అది స్ప్రూ జబ్బుకి కూడా మందయింది! కాని అన్నదమ్ములు అప్పటికే లేరు. మన బోదకాలు మాత్ర కూడా ఆయన జట్టుదే.

కాలేయంలోని రెండో పదార్థం, బి12 విటమిన్‌ని, 1948లో వేరేవాళ్ళు విడదీసారు. అది ఎర్రగా ఉంటుంది, అందులో కోబాల్టు లోహం ఉంది. ఆ లోహం కర్బనాన్నే నేరుగా పట్టుకుని ఉందని 1961లో తేలింది. ఇలాంటివాటిని కర్బన లోహ సమ్మేళనాలు అంటారు. లోహం అంటే మనకి గొడ్డలి, గిన్నె, స్టీల్ ప్లాంటు గుర్తొస్తాయి. మన ఒంట్లో కూడా ఉందంటే నాకు వింతగా ఉంది. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే 53 ఏళ్ళకి చనిపోయారు.

వారానికోసారి మనకిచ్చే నీలం మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపులో తిప్పుతుందని కొందరు కిటికీలోంచి పారేస్తున్నారు. అన్నం తిన్నాక వేసుకుంటే అంత తిప్పదు. మా పెద్దక్కకి కాన్పుకి ముందు రక్తం తక్కువైతే ఇలాంటి మాత్రలే ఇచ్చారు. మా అమ్మకి చదువు రాదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆమెకి ఈ కథంతా చెప్తాను. మీరూ మీ ఇంట్లో చెప్పండి. మాత్ర మాత్రం మింగండి.